ఖుర్షుఫ్‌కి ఎండ చూపించిన వైనం

నాకు ఇరవై మూడేళ్ళున్న ఆ కాలంలో, నాకు తెలియని పని ఒకటుందని ఎవరైనా అంటే, పాపం వాళ్ళకే తెలియదనుకునేదాన్ని. ఒకరిని అడగడమంటే మహా నామోషీ. కోనసీమలో పుట్టినదానికి మొక్కల సంగతి ఇంకొకరు చెప్పాలా? ఈ ధీమాతోనే ఖతర్‌లో నేను పనికి కుదిరిన మొదటి ఇంటివాళ్ళ గులాబీలను నేలమట్టంగా కత్తిరించి, నెల తిరక్కుండా ఏజెంటు ఆఫీసుకు వాపసు వచ్చాను (బాగా చిగురిస్తాయనే కత్తిరించాను, ఆ చిగుళ్ళు చూసే ఓపిక వాళ్ళకు లేకపోయింది). రెండో ఇల్లు అల్ ఘర్రాఫా అనే పేటలో దొరికింది. మూడు నెలల్లోపు వీళ్ళూ వద్దంటే ఇక ఇంటికే పంపేస్తామని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు.

ఆ ఇంట్లో మేడమ్ గారి తల్లిది మొరాకో. ఆవిడను అందరం మామా అనేవాళ్ళం. తన దేశం నుంచి తెప్పించుకున్న విత్తనాలతో పెరట్లో ఖుర్షుఫ్ అనే మొక్క వేసింది. బూడిద రంగు ఆకులు, అంచుల వెంట ముళ్ళు. మా ఊళ్ళో అయితే కంచె పక్కన మొలిచినా పీకి పారేస్తాం. దాని కాడలను మాంసంలో వేసి వండుతారట. ఫిబ్రవరిలో మామా ఆకులన్నీ పైకి పోగేసి, తాడుతో కట్టి, చుట్టూ అట్టలు పెట్టి, పైన పాత దుప్పటి చుట్టింది. మూడు వారాలు ఎవరూ ముట్టుకోవద్దని, నీళ్ళు మాత్రం పొయ్యమని నాకు సైగలతో చెప్పింది. మూడో వారం చివర శుక్రవారం నాడు ఆవిడ తమ్ముడు మొరాకో నుంచి భోజనానికి వస్తున్నాడు. ఖతర్‌లో పండించిన ఖుర్షుఫ్ పెడతానని ఆయనకు ఫోనులో రోజూ చెప్పుకుని మురిసిపోయేది.

ఎండ తగలని మొక్క బతుకుతుందా? పెద్దావిడ, చాదస్తం అనుకున్నాను. రోజూ మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే వెళ్ళి దుప్పటి, అట్టలు, తాడు విప్పేసి, ఆవిడ లేచే వేళకు ఎప్పటిలాగే కట్టేసేదాన్ని. ముళ్ళు గీసుకుని చేతులు మంట పెట్టేవి. అయినా కాడలు పచ్చగా నిగనిగలాడుతుంటే నాలో నేనే పొంగిపోయాను.

గురువారం పొద్దున మామా దుప్పటి తీసింది. పచ్చటి కాడలు చూసి నిలబడిపోయింది. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి, అరుగు మీద కూలబడింది. నేనేమో ఆనందంతో మాట రావడం లేదనుకున్నాను. రోజూ ఎండ చూపించింది నేనేనని, ఆ మాట మామాకు చెప్పమని, ఆ ఇంటి డ్రైవరు కడప అన్నను పిలిచి మరీ బతిమాలాను. పదేళ్ళుగా అక్కడే ఉన్నాడు, ఆయనకు అరబ్బీ వచ్చు.

ఆయన మామాతో ఏమీ చెప్పకుండా నా వైపు తిరిగి, "ఎవురు ఇప్పమన్నారు పాపా నిన్ను?" అన్నాడు. "తెల్లగా, చేదు లేకుండా కావాలనే గదా కట్టి పెట్టింది. ఇప్పుడది విషమంత చేదు."

చెప్పక తప్పలేదు, చెప్పాడు. మామా నన్ను తిట్టలేదు. కూతుర్ని పిలిచి అంతా చెప్పింది. శనివారం ఆఫీసుకు ఫోన్ చేస్తానని మేడమ్ అన్నారు. రెండోసారి వాపసు అంటే మా వీధిలో తలెత్తుకోలేను.

కత్తి తెచ్చుకుని అక్కడే కూర్చుని ఒక కాడ కోశాను. కోస్తుంటే పీచు వచ్చింది, క్షణంలో కోసినచోట నల్లబడింది. అరె, ఇది నాకు తెలిసిన రోగమే! మా ఇంట్లో అరటి దవ్వ తరగడం నా పని. ముక్క కోయడం, పీచును వేలికి చుట్టుకుంటూ లాగడం, వెంటనే ఉప్పు కలిపిన మజ్జిగలో వేయడం. అక్కడ మజ్జిగకు కొదవా, ఫ్రిజ్ నిండా లబన్ సీసాలే. మామా లేచి వచ్చి నా వేలికి చుట్టుకున్న పీచుల ఉంగరాన్ని చూసి, పక్కన కూర్చుని తనూ ఒక కాడ అందుకుంది.

శుక్రవారం పొద్దున ఆ ముక్కలను కడిగి, చేదు దిగేలా ఉప్పునీళ్ళలో రెండుసార్లు ఉడికించి, గట్టిగా పిండి ఇచ్చాను. మామా మాంసంలో వేసింది. నాలుగు ముక్కలు దాచి, నేను ఆవ పెట్టి, ఎండుమిరపకాయల పోపు వేసి చిన్న గిన్నెలో కూర చేశాను (పోయేదాన్ని, తినైనా పోదామని).

తమ్ముడు గారు మొదటి ముక్క నమిలి ఆగిపోయారు. తలుపు చాటు నుంచి నేనూ కడప అన్నా తొంగి చూశాం. ఆయన కళ్ళు తుడుచుకుని ఏదో అన్నారు. కడప అన్న నా చెవిలో చెప్పాడు: "వాళ్ళమ్మ కొండల్లో ఎండకు పెరిగిన ఖుర్షుఫ్ ఏరుకొచ్చి వండేదంట. ఆ చిరుచేదు మళ్ళా ఇన్నేండ్లకు తగిలిందంటున్నాడు."

మామా ఏమాత్రం తొణక్కుండా, అందుకే రోజూ ఎండ చూపించమన్నానని తమ్ముడితో చెప్పి, నన్ను లోపలికి పిలిచి పక్కన నిలబెట్టుకుంది. మామా అడిగి తెప్పించిన నా ఆవ కూర గిన్నె కూడా ఆయనే ఖాళీ చేశారు. శనివారం మేడమ్ ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఆనాటి నుంచి ఇప్పటికీ ఆ ఇంటి వంట నాదే. తెలియనిది ఏదైనా ఉంటే ముందే అడుగుతాను, చెప్పినట్టే చేస్తాను, ఏ తప్పూ రాదు. కానీ అడగడం నేర్చుకున్నాక, అంత గొప్ప గెలుపు మళ్ళీ ఒక్కటి కూడా రాలేదు.