నేను మాట్లాడని హిందీ

నిన్న ఢిల్లీ సరోజినీ నగర్‌లో నిప్పుల మీద కాలుతున్న చిలగడదుంపల వాసన తగిలింది. అక్కడి గవర్నమెంటు క్వార్టర్స్‌లో పెరిగిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, స్కూలు గేటు దగ్గర వాటి మీద నిమ్మకాయ పిండి అమ్మేవారు. నాకు మాత్రం ఆ వాసనతో పాటు నవ్వులూ వినిపిస్తాయి. ఎనిమిదో తరగతిలో ఆ గేటు దగ్గరే బస్సొచ్చిందని చెప్పబోయి "బస్ ఆయా" అన్నాను. హిందీలో బస్సు స్త్రీలింగం, "ఆయీ" అనాలి. స్కూలు వదిలేదాకా క్లాసు అమ్మాయిలకు నా పేరు "బస్ ఆయా" అయిపోయింది.

అప్పటినుంచి నలుగురిలో హిందీ మాట్లాడటం మానేశాను. మావారి ఢిల్లీ స్నేహితులు ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉన్న మా ఇంటికొస్తే వంటింట్లోంచి కదిలేదాన్ని కాదు.

నిన్న దుంపలు తింటూ ఆయనకు ఇదంతా మొదటిసారి చెప్పాను.

"నా స్నేహితులంటే నీకు గిట్టదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నారు.

"గిట్టకపోవడం కాదండీ, భయం."

ఈరోజు వాళ్లొచ్చారు. నేనూ మధ్యలో కూర్చుని, మా నాన్న మొదటిసారి ఢిల్లీ చలికి ఎలా బెదిరిపోయారో హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడో తప్పు దొర్లింది. ఒకాయన నవ్వాడు. అయినా నేను లేవలేదు.

"నా హిందీ ఇంతే భయ్యా. కథ ఇంకా ఉంది, వినండి."

"సారీ భాభీ, ఆప్ బోలియే," అంటూ చెప్పమన్నాడాయన.

చివరిదాకా చెప్పాను. ఇకమీదట ఎవరొచ్చినా నా చోటు అక్కడే, వాళ్ల మధ్యే.