స్క్రూ లేని పెట్టె

మా మేస్త్రీ పోయాడని ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ప్రొద్దుటూరు షెడ్డులో రేకు వంచుతున్నాను. "అన్న పోయినాడప్పా. సాయంత్రం నాలుగింటికి జమ్మలమడుగులో మట్టి చేస్తాండాము. నువ్వు బిరీన రావాల," అన్నాడు. వంచుతున్న రేకును సగంలో వదిలేశాను. అది ఇంకా బల్ల మీద అట్లాగే ఉంది. ముట్టుకోబుద్ధి కావడం లేదు.

ఆయన ఏం పని చేసేవాడో చెబితే చాలామంది "అంతేనా" అంటారు. లారీల్లో, ఆటోల్లో బ్యాటరీకీ, ఫ్యూజులకూ, వైర్ల జాయింట్లకూ దుమ్మూ తడీ తగలకుండా బిగించే రేకు పెట్టెలు చేసేవాడు. పెట్టె ఎవరైనా చేస్తారు. ఆయన పెట్టెలో మాత్రం ఒక్క బోల్టు గానీ స్క్రూ గానీ కనిపించదు. ఒక రేకు అంచున నాలుకలు కోసి, ఎదుటి రేకులో గాళ్లు కొట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆఖరున బొటనవేలంత చీల ఒకటి జార్చేవాడు. టక్కుమనేది. బండి గుంతల్లో ఎంత ఎగిరిపడినా అది ఊడదు. తెరవాలంటే మాత్రం చీలను చేత్తో లాగితే చాలు.

ఆ చేత్తో తెరవడం వెనక ఆయన తమ్ముడి చేతులున్నాయి. చాలా ఏళ్ల కిందట ఆ తమ్ముడు ఆటో నడుపుతుంటే జమ్మలమడుగు దారిలో బ్యాటరీ పెట్టెలోంచి పొగ లేచింది. పెట్టె బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, స్పానర్ దొరకలేదు. కాలుతున్న పెట్టెను వట్టి చేతులతో పెరకబోయాడు. ప్రాణం దక్కింది గానీ వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి. ఆ పెట్టె చేసిందీ, ఆ బోల్టులు బిగించిందీ మా మేస్త్రీయే. ఆ మాట ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, సంగటి తింటూ, తల ఎత్తకుండా. "పొగ వస్తాంటే మనిషి స్పానర్ ఎతుక్కుంటాడా అబ్బీ? చెయ్యి పెడతాడు. చేతికే తెరుచుకోవాల," అన్నాడు. ఆ ప్రమాదం తర్వాత ఆయన చేతులకు స్క్రూ తగల్లేదు.

కొత్త రకం పెట్టె చేసిన ప్రతిసారీ దాన్ని తన స్కూటర్ వెనక కట్టుకుని చిలమకూరు దాకా పోయి వచ్చేవాడు. సిమెంటు లారీల వెనక దుమ్ములో పోవడమే ఆయన పరీక్ష. తిరిగొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ముఖం కడుక్కోకుండానే పెట్టె తెరిచి, చర్చికి తీసుకెళ్లే తెల్ల చేతిగుడ్డతో లోపల తుడిచేవాడు. గుడ్డకు మరక అంటిందా, ఆ పెట్టె మళ్లీ మొదటికి. నేను విసుక్కునేవాణ్ని. "ఇంత దుమ్ముకు ఏమైతాది మామా?" అంటే, "నీకేమీ కాదులే. నువ్వు పెట్టె లోపల లేవు గదా," అనేవాడు.

ఆయన దగ్గర పన్నెండేళ్లు చేశాను. అయినా నాకు ఒక్కటి పట్టుబడలేదు. గాడి దగ్గర ఆయన గోరంత వదులు ఉంచేవాడు. బిగువంతా చీల చూసుకుంటుందనేవాడు. నాకేమో వదులు కనిపిస్తే నామోషీ. అతికినట్టు కోసేవాణ్ని. "నీకు బిగువు మీద మోజు శానా ఎక్కువప్పా. రేకు కూడా ఊపిరి తీసుకోవాల," అని నా చెవి మెలిపెట్టేవాడు. పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక కూడా!

పోయినేడు పులివెందుల నుంచి అరటికాయల లారీ ఓనరు ఒకాయన వచ్చి తొందరపెట్టాడు. మేస్త్రీ ఊళ్లో లేడు. నేను కోసిన మూత గాడిలోకి దూరలేదు. మళ్లీ కోస్తే రేకు పాడవుతుందని, సిగ్గు లేకుండా నాలుగు స్క్రూలు కొట్టి పంపేశాను. వారం తర్వాత ఆ లారీ షెడ్డు ముందు ఆగింది. మేస్త్రీ మూత మీద వేలు పెట్టి ఒక్కో స్క్రూ తల తడిమాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేనుండంగానే పెట్టినావు. నేను పోతే?" అన్నాడు.

"ఇంగ పెట్టను మామా. నీ మీద ఒట్టు," అన్నాను.

"నా మీద వద్దులే. మాటియ్యి, సాలు," అని చెయ్యి చాపాడు. ఇచ్చాను.

అందుకే ఆ రోజు పదకొండు గంటలకల్లా జమ్మలమడుగు చేరి, శవపెట్టె చేస్తున్న వడ్రంగి కాళ్లావేళ్లా పడ్డాను. మేకు వద్దన్నాను, స్క్రూ వద్దన్నాను. పెట్టె అంచులకు రేకు గాళ్లు నేనే వేశాను. మూతను జార్చి, చీల వేసి చూశాను. టక్కుమంది. ఏడుస్తూనే గర్వపడ్డాను, ఏం మనిషినో! మామా, చూడు, మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాను.

ఇంటి ముందు ప్రార్థన రెండు గంటలు సాగింది. మూతను ఎండలో గోడకు ఆనించారు. నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నానే గానీ దాని సంగతి తలపుకు రాలేదు. సమాధుల తోటలో మూత జారిస్తే సగం పోయి ఆగిపోయింది. మూత పచ్చి చెక్క, ఎండకు వంకర తిరిగింది. నేను గాడిలో గోరంత కూడా వదులు ఉంచలేదు. అరచేత్తో గుద్దాను. భుజంతో నెట్టాను. పెట్టె కదిలి లోపల ఆయన తల పక్కకు ఒరిగింది. ఎవరో ఆడమనిషి "అయ్యో, నెమ్మదప్పా!" అని కేకేసింది.

పాస్టరు గారు నా వైపు చూసి తల దించుకున్నారు. తమ్ముడు దగ్గరికొచ్చి, "పొద్దు పోతాండాది. స్క్రూలు తెప్పిచ్చినా," అన్నాడు. గాళ్ల రేకు పెరికేసి మూతను పైన పెట్టారు. స్క్రూలూ స్క్రూడ్రైవరూ తమ్ముడి ముడుచుకుపోయిన రెండు చేతుల మధ్య ఉన్నాయి. "నాకు పట్టుకునేకి రాదు గదప్పా. అన్నకు నువ్వే చెయ్యి," అన్నాడు.

నేనే బిగించాను. మూడు బిగిశాయి. నాలుగోదానికి చెక్క పట్టు ఇవ్వలేదు. నేను తిప్పుతూనే ఉన్నాను, అది ఊరికే తిరుగుతూనే ఉంది. తమ్ముడు తన చేతిని నా చేతి మీద ఆనించి, "సాలప్పా," అన్నాడు.

తాళ్లతో దించారు. మొదటి పిడికెడు మట్టి వేసేదాకా ఆ ఒక్క స్క్రూ తల పైకి లేచి, ఎండకు మెరుస్తూనే ఉంది.