ఒక్క గాడి దారి

ఆ లోయలో పుట్టినవాళ్ళని ఎక్కడ చూసినా ఇట్టే పోల్చుకోవచ్చు. నలుగురు కలిసి బజారుకి బయల్దేరినా ఒకరి వెనక ఒకరు నడుస్తారు. పక్కపక్కన నడవడం, భుజం మీద చెయ్యేసుకుని కబుర్లాడుకోవడం, అలాంటివేం ఉండవు. "అదుగో రైలొస్తోంది, దారివ్వండి" అని పట్నంవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వేవాళ్ళకి యుద్ధం తెలియదు, అంతే సంగతి.

మన రోడ్డు మేస్త్రి ఆ బాపతు మనిషే. నదిని ఆనుకుని లోయ పొడుగునా సాగే కంకర రోడ్డు మీద గుంటలు పూడ్చి, కంకర పరిచి, రోలరు వెనక నడిచి నడిచి రిటైరయ్యాడు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డుని తిట్టనివాడు పాపి. తీరా రిటైరయ్యాక లోకం తలకిందులైంది. ఎక్కడెక్కడి జనమో లావు టైర్ల సైకిళ్ళేసుకుని, పనిగట్టుకుని ఆ కంకర మీద తొక్కడానికే వస్తున్నారు. యుద్ధంలో కూలిన వంతెన ముందు ఫొటో, సిమెంటు బంకరు ఎక్కి ఇంకో ఫొటో. మేస్త్రిగారి అల్లుడు లోయ మొదట్లో ఒక షెడ్డు వేసి ఆ సైకిళ్ళు అద్దెకిచ్చే పని పెట్టుకున్నాడు.

"కొండ అవతల నున్నటి తారు రోడ్డుండగా ఈ రాళ్ళ మీద పడి చావడమేమిటి అల్లుడూ?" అన్నాడు మేస్త్రి ఒకరోజు.

"అందులోనే మజా ఉందంటున్నారు మావయ్యగారూ."

"మజా అట, మజా! ఆ ముక్క ముందే చెప్పి ఉంటే గుంటలు పూడ్చకుండా హాయిగా ఇంట్లో పడుకునేవాణ్ణి కదయ్యా!"

పైకి అలా అన్నాడు గానీ, తను పరిచిన రోడ్డుని చూడ్డానికి జనం రావడం ఆయనకి లోలోపల ఎంత మురిపెమో ఇంటావిడకి తెలుసు. ఆవిడ టైలరు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టడానికి ఆవిడ పెట్టింది పేరు. కిటికీ పక్కన మిషను, దాని పక్కన బట్టల మూట, మిషను సొరుగునిండా బొత్తాలు. ఈ మధ్య ఆ మిషను మీద గుడ్డ కప్పేసి ఉంటోంది. సూదిలో దారం ఎక్కించబోతే బెజ్జం కనపడటం మానేసింది. మొదట సూదిని తిట్టింది, తర్వాత దారాన్ని, ఆ తర్వాత బల్బుని. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కంటిలో నడిమి చూపు పోతోందనీ, పక్క చూపు మాత్రం నిలుస్తుందనీ, మెల్లమెల్లగా ఇది ఇంకా ముదురుతుందనీ డాక్టరు చెప్పాడు. మేస్త్రికి "చూపు పోతోంది" అన్న మాటొక్కటే చెవిన పడింది. మిగతాది ఆయన బుర్రకెక్కలేదు. ఆయన్నేం అనలేం, ఆ గదిలో ఎవరున్నా అంతే.

ఇంటికొచ్చాక ఆవిడ ఒక్కటే కోరిక కోరింది.

"కళ్ళు పూర్తిగా మూలపడకముందు ఒక్కసారి మన వంతెన దాకా సైకిలు మీద వెళ్ళొద్దామండీ. తర్వాత ఇంట్లో కూర్చోమన్నా కూర్చుంటాను."

మన వంతెన అంటే ఆ కూలిన వంతెనే. కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ రెండు సైకిళ్ళేసుకుని అక్కడికి పోయేవారు. నదిలో మిగిలిన స్తంభాల నీడన కూర్చుని తెచ్చుకున్నది తిని, ఎండ తగ్గాక తిరిగొచ్చేవారు. మేస్త్రి ముందు, ఆవిడ వెనక. ఎన్నడూ అదే వరస. ఆవిడ లోయ పిల్ల కాదు, పట్నం నుంచి వచ్చింది. ముందెప్పుడూ తానే ఉండాలన్న మగబుద్ధి కాబోలు అనుకుని, ఓ ఆదివారం కసికొద్దీ పెడల్ తొక్కి ఆయన్ని దాటి ముందుకు పోయింది. అంతే! ఎప్పుడూ గొంతెత్తని మనిషి కేకలు పెట్టి, వెనకే వచ్చి క్యారియరు పట్టుకుని సైకిలు ఆపేశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు.

మేస్త్రి చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, ఆ దారి నిండా మందుపాతరలు. వాటిని ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో చెప్పే దిక్కు లేదు. అయినా పాలు పట్నానికి చేరాలి, ఉప్పు ఇంటికి చేరాలి. అందుకని లోయవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోడ్డు మధ్య ఒకే ఒక్క గాడి. దాంట్లోనే అందరి చక్రాలూ. ముందు వెళ్ళేది ఎప్పుడూ ఇంటికి పెద్ద. ఏదైనా జరిగితే ముందు వాళ్ళకే జరగాలని. వెనకవాళ్ళకి ఆపాలనిపిస్తే బెల్లు కొట్టాలి తప్ప పక్కకి రాకూడదు.

"అంటే, మీరు ముందుండేది..." అంది ఆవిడ.

"మరి నిన్ను ముందు పెడతానుటే?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ అలక ఆ పూటతో తీరిపోయింది. మళ్ళీ ఏనాడూ ఆయన్ని దాటలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు గానీ, అది చాలా ఏళ్ళకి చెప్పాడు. మేస్త్రికి ఒక బాబాయి ఉండేవాడు. వట్టి వేళాకోళం మనిషి, ఎంత ఏడుపు ఇంట్లోనైనా నవ్వు పుట్టించగలడు. ఒక ఉదయం పాల క్యాన్లతో వరసలో వెళ్తుంటే, వెనకనున్న బాబాయికి ఏదో చిలిపి మాట తోచింది. తన ముందు వెళ్తున్న పిల్లాడి, అంటే మన మేస్త్రి, చెవిలో చెప్పాలని గాడి వదిలి, సైకిలు పక్కకి తెచ్చి, నవ్వుతూ వంగాడు. మాట నోట్లోంచి రాకముందే చక్రం కింద పాతర పేలింది. పిల్లాడికి ఒళ్ళంతా పాలు. ఆ మాటేమిటో మేస్త్రికి ఇప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఎవరైనా సైకిలు మీద తన పక్కకి వస్తే ఆయన బ్రేకు వేసి దిగిపోతాడు. యుద్ధం అయ్యాక సైనికులు వచ్చి దారంతా జల్లెడ పట్టి, పాతరలన్నీ ఏరేసి వెళ్ళారు. దాని మీద ఈయనే కంకర పోసి రోలరు తోలించాడు. ఆ నేల సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎవరికి చెప్పి ఏం లాభం, కాళ్ళు వినాలిగా!

సరే, ఆదివారం రానే వచ్చింది. అల్లుడు షెడ్డులోంచి రెండు మంచి సైకిళ్ళు తీసి, సీట్లు దించి, గాలి కాస్త తగ్గించి ఇచ్చాడు. ఆవిడకి కనపడాలని మేస్త్రి ఎర్ర చొక్కా ఒకటి కొని తొడుక్కున్నాడు. పెళ్ళినాడు కూడా అంత రంగు చొక్కా వేసిన పాపాన పోలేదు.

"ఏమిటండీ ఈ వేషం?" అని ఆవిడ నవ్వింది.

"నా వెనకే రా. ఈ చొక్కా చూసుకుంటూ వచ్చెయ్. గాడి దాటకు."

బయల్దేరారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ లోయ ఉదయంపూట భలే ఉంటుంది. ఒక పక్క నది, ఇంకో పక్క కొండ, టైర్ల కింద కంకర కరకరలాడుతూ ఉంటుంది. మేస్త్రికి పాత రోజులు ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. వెనక నుంచి ఆవిడ పాడే కూనిరాగాలు, ఆవిడ చీర చెంగు చక్రంలో పడకుండా నడుముకి చుట్టుకున్న తీరు, దారిలో ఆగి నదిలో కాళ్ళు పెట్టడం. ఆ రోజులు మళ్ళీ వస్తే ఏమిచ్చైనా తీసుకుందును కదా అనిపించింది.

మొదటి వంపు దాటారో లేదో, బెల్లు మోగింది. ఆగి వెనక్కి వెళ్ళాడు. "ఏం లేదు, పదండి" అంది. మళ్ళీ కాసేపటికి బెల్లు. మళ్ళీ ఏం లేదంది. మూడోసారి బెల్లు మోగలేదు. తిరిగి చూస్తే ఆవిడ చాలా దూరంలో సైకిలు దిగి, దారి మధ్య నిలబడి ఉంది. మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. సైకిలు తోసుకుంటూ పరుగున వెళ్ళాడు.

"ఏమైందే? కళ్ళు తిరిగాయా?"

"ఇంక ఇంటికి పోదామండీ. నాకు మీరు కనపడటం లేదు."

"కనపడకపోవడమేమిటి? నీ ఎదురుగానే ఉన్నానుగా! ఇంత ఎర్ర చొక్కా..."

"ఎదురుగా ఉన్నారు కాబట్టే. ఎటు సూటిగా చూస్తే అక్కడ మసక. డాక్టరు చెప్పాడు, మీరు వినలేదు. దారి అంచులు కనపడుతున్నాయి, నది కనపడుతోంది, కొండ కనపడుతోంది. మధ్యలో మీరే లేరు. ఒక్కదాన్నే ఎటో పోతున్నట్టుంది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"పక్కనుంటే కనపడతారు," అని, వెంటనే తల అడ్డంగా ఊపింది. "మిమ్మల్ని రమ్మనడం లేదండీ. నాకు తెలియదా ఏమిటి? ఇంతదాకా వచ్చాం, చాలు. పదండి."

అని సైకిలు వెనక్కి తిప్పుకుంది. ఎదురు మాట లేదు, సాధింపు లేదు. అదే మేస్త్రిని కోసేసింది. ముందుండి కాపాడుతున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు ముందున్నందుకే ఆవిడకి లేకుండా పోయాడు.

"ఆగు," అన్నాడు.

ఆవిడ సైకిలుని తానే పట్టుకుని మళ్ళీ వంతెన వైపు తిప్పాడు. గాడిలో నిలబెట్టాడు. తన సైకిలుని గాడి దాటించి, ఎవరి చక్రమూ పడని అంచున, గడ్డి మొలిచిన కంకర మీద పెట్టాడు. ఒళ్ళంతా చెమట. కాలెత్తి పెడల్ మీద పెట్టి, దించి, మళ్ళీ పెట్టాడు.

"వద్దండీ, ఇంత కష్టపడి..."

"నువ్వు తొక్కవే బాబూ! ఆగితే మళ్ళీ నావల్ల కాదు."

ఇద్దరూ కదిలారు. మేస్త్రి ఊపిరి బిగబట్టి నేలనే చూస్తూ తొక్కుతున్నాడు. ఒక్కో రాయి కిందా బాబాయే. కొంతదూరం పోయాక గానీ ఊపిరి వదలలేదు. టైర్ల కింద తను పోసిన కంకరే తప్ప ఇంకేం లేదు. ఆవిడ చూపు సూటిగా దారి మీదే ఉంది, తల తిప్పలేదు. కానీ పెదవులు విచ్చుకున్నాయి.

"అమ్మో! ఎంత ముసలాయన అయిపోయారండీ!"

"నువ్వేదో పడుచుపిల్లవైనట్టు!"

"ఇన్నేళ్ళూ ఈ దారిలో మీ వీపే చూశాను. మీరు తొక్కుతుంటే నాలిక బయటపెడతారని నాకు తెలియనే తెలియదు."

మేస్త్రి గబుక్కున నాలిక లోపల పెట్టుకున్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు తన చెవి పక్కనే వినపడేసరికి ఆయనకి కన్నీళ్ళు ఆగలేదు. చేతులు హ్యాండిలు మీద ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు.

"ఏడుస్తున్నారా?"

"ఛ, దుమ్ము పడింది కంట్లో."

"మరి నాకు పడలేదేం?" అంది ఆవిడ, దారి మీంచి చూపు తిప్పకుండానే. "మీ పక్కనేగా ఉన్నాను."