సీసం గుండ్ల అచ్చు

హిందూపురంలో పాత సామాను అంగడి నడిపిన ఆయనకు, రాతిలో చిన్న గుంత కనబడితే చాలు, చిటికెన వేలు పెట్టి తడిమే అలవాటు ఉండేది. పాతకాలం తుపాకులకు సీసం గుండ్లు పోసిన అచ్చులు వెతకడం మా ఇద్దరి పిచ్చి. ఆయనకు చదువు రాదు. కరిగిన సీసం దిగడానికి ప్రతి గుంతకూ సన్నని కాలువ ఉంటుందని లైబ్రరీలో చదివి చెప్పింది నేనే. అయినా పెనుకొండ కోట చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన నాకు ఒక్క అచ్చూ దొరకలేదు.

ఒకసారి చీరల కోసం ఇద్దరం ధర్మవరంలో ఒక మగ్గం ఇంటికి వెళ్లాం. వాకిట్లో గుంతల రాయి ఉంటే, వామనగుంటల పలక అనుకుని నేను దాటిపోయాను. ఆయన గొంతుకూర్చుని వేలు పెట్టాడు.

"ఏమప్పా, నువ్వు చెప్పిన కాలువ ఈడుండాది చూడు!"

"తీసకపో నాయనా, ఇప్పుడు పిల్లోళ్లకు అంతా ఫోన్లే" అని ఆ ఇంటి అవ్వ రాయి ఆయనకే ఇచ్చేసింది.

అచ్చుకు రెండు సగాలుంటాయని కూడా నేను చదివాను. ఆ మాట తిరుగు బస్సులో ఆయనకు చెప్పలేదు. మర్నాడు ఒక్కణ్ణే ధర్మవరం వెళ్లాను.

నన్ను చూడగానే అవ్వ రెండో సగం తెచ్చింది.

"నిన్న నువ్వు చీరలు చూస్తాంటే ఆయప్ప దొడ్లో ఎతికి పెట్టినాడు. పుస్తకాలాయప్ప రేపే వస్తాడు, ఆయప్పకియ్యి అన్నాడు."

తీసుకున్నాను. అది నాకే దొరికి ఉంటే ఆయనకు చూపించేవాణ్ణి కూడా కాదు.