తాళంచెవి ఎవరికివ్వాలి

“నీకేంటయ్యా, ఒంటి మనిషివి. పెట్టె సర్దుకుంటే చాలు.”

ఒరిస్సా తీరంలో ఒక రేవుకి, కొత్త క్రేన్లు నిలబెట్టే పని మీద నన్ను ఏడాదిన్నర పంపుతూ మా ఇంజనీరు అన్న మాట ఇది. ఎనభయ్యో దశకం మొదట్లో అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళాం పోయిన మగాడికి ఇల్లుండదా? పిల్లలున్నవాడిది ఇల్లు, నాది గోదామా? ఆ రోజు మాత్రం తలూపి వచ్చేశాను. క్రేన్ ఫిట్టర్ని, పొమ్మంటే పోవాలి.

మేం పనిచేసే రేవు పక్కనే, వన్ టౌన్‌లో మాది రెండు గదుల పెంకుటిల్లు. అద్దెది. అందులోకి ఇద్దరం వచ్చాం. జ్వరంతో మా ఆవిడ పోయాక నేనొక్కణ్ణే మిగిలాను. పిల్లల్లేరు. సబ్బవరం వైపు మా ఊళ్ళో అమ్మా నాన్నా పోయాక నావాళ్ళనేవాళ్ళూ లేరు. నాకంటూ ఉన్నవి ఆ రెండు గదులే.

నా ప్రయాణం సంగతి ఇంటివాడికి ఎవరు చేరవేశారో గానీ, సాయంత్రానికల్లా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏటి బావా, ఒరిస్సా ఎల్తన్నావంట?”

“ఎల్తన్నాను. అద్దె మనియార్డరు సేత్తాను.”

“అద్దెకేటి లే. ఇల్లు మూసీసి ఉంచితే పాడైపోద్ది కదా. మా తోడల్లుడుంటాడు. నువ్వొచ్చినాక సూసుకుందుము.”

వచ్చాక చూసుకుందామంటే మా వీధిలో ఒకటే అర్థం. ఇక రావద్దని.

“ఎవులూ ఉండక్కర్లేదు. నా ఇల్లు నాను సూసుకుంతాను.”

“ఒరిస్సా నించా? దుర్భిణీ కొన్నావేటి?” అని నవ్వుతూ లేచాడు. “తలుపు తీసే మడిసి నేకపోతే అది ఇల్లు కాదు బావా. రెండు నెల్లు సూత్తాను. ఆనక నా దారి నాది.”

ఆ కోపంతోనే పనిలోకి దిగాను. మా రేవులో మిషన్ని పడుకోబెట్టడం అని ఒకటుంది. కొన్నాళ్ళు వాడకం ఉండదనుకున్న మిషన్‌కి ఉప్పుగాలి తగలకుండా గ్రీజు దట్టించి, టార్పాలిన్ కప్పి, తాళ్ళతో బిగిస్తాం. ఇంటినీ అలాగే పడుకోబెట్టాను. గడియలకీ బందులకీ క్రేన్ గ్రీజు పట్టించాను. తాళానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. ఇనప పెనానికి నూనె రాసి గుడ్డ చుట్టాను. గిన్నెలు బోర్లించాను.

ఇక మిగిలింది ఎర్ర దుమ్ము. రేవులో ఇనప ఖనిజం పోసినప్పుడల్లా అది మా వీధి మీదికి దిగేది. ఆరేసిన పంచె మీదా అదే, కంచంలో మెతుకుల మీదా అదే. ఖనిజం అమ్ముకున్న డబ్బు ఎవరికో, దుమ్ము మాకు. మైదా ఉడికించి, కిటికీ సందులన్నిటికీ పాత పేపర్లు అతికించాను. చదవకుండా కాగితం వాడటం నాకు చేతకాదు. బడి దాటి నేను నేర్చుకున్నదంతా అలాంటి కాగితాల్లోంచే. ఒక్కో ముక్కా చదువుతూ అతికించేసరికి ఆదివారమంతా అయిపోయింది. ఆఖరి కిటికీ కూడా మూసుకున్నాక ఇంట్లో పట్టపగలే చీకటి. ఆవిడ పోయిన రోజు కూడా ఇల్లు అంత చప్పుడు లేకుండా లేదు. ఆ రోజు జనం ఉన్నారు.

ఆ చీకట్లో కూర్చున్నాక అసలు సంగతి తట్టింది. పడుకోబెట్టిన మిషన్నయినా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు చేత్తో తిప్పాలి. లేకపోతే ఎంత గ్రీజు పెట్టినా బిగుసుకుపోతుంది. ఇంటికి ఆ చెయ్యి ఎవరిది? తాళంచెవి ఎవరికివ్వాలి?

పక్కింట్లో, రేవులో సరుకు మోసే ఖలాసీ భార్య ఉండేది. మా ఆవిడకి స్నేహితురాలు. మా ఆవిడ పోయాక నేను ఎవరి గుమ్మమూ తొక్కలేదు. పక్కింటామె కూర పంపితే, గిన్నె కడిగి పిట్టగోడ మీద పెట్టేవాణ్ణి, అంతే. ఆ రోజు వెళ్ళి అక్క వరసతో పిలిచాను.

“అప్పా, తాళంసెవి నీకాడ ఉంచుతావేటి?”

ఆమె చేతులు తుడుచుకుంటూ నా వెంట వచ్చింది. లోపల అడుగు పెట్టగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఓర్నాయనో! కిటికీలకి పిండి పూసినావేటి? బొద్దింకలకి పెళ్ళిబోజనమా?”

“దుమ్ము రాకుండా అప్పా.”

“దుమ్మొత్తే తుడుసుకుంతాం. గాలి నేకపోతే గోడలు సెమ్మెక్కిపోవా? ఇదేటి నీ రేవులో క్రేననుకున్నావా, గుడ్డ కప్పీసి ఎలిపోడానికి?”

అంటూనే ఓ కాగితం చర్రున చీరేసింది. వెలుతురు నా ముఖం మీద పడింది.

“ఇలాగిచ్చీ తాళంసెవి. పొద్దున్నే తలుపులు తీత్తాను. నా వంట కూడా ఈడే సేసుకుంతాను. అరుగు మీద మీ ఇంటోడు అన్నది ఇన్నాను. పొగ సూత్తే ఆడు నోరు మూసుకుంతాడు.” అని, గొంతు తగ్గించి అడిగింది, “అది సరే, ఆడ నీకేటైనా అయితే ఎవులికి కబురెట్టమంతావు?”

ఆలోచించాను. మా ఊళ్ళో ఇల్లిల్లూ మనసులో తిరిగి వచ్చాను. ఒక్క మనిషీ తగల్లేదు.

“నీకే,” అన్నాను.

ఆమె నవ్వలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

“అయితే ఏటీ అవకుండా రా తమ్ముడా.”

బయలుదేరిన ఉదయం రిక్షా కోసం సందు చివర పెట్టె మీద కూర్చున్నాను. వెనక్కి చూస్తే మా పెంకుల సందుల్లోంచి పొగ లేస్తోంది. ఇంటివాడు అటుగా వచ్చి, ఆగి, పైకి పొగ వైపు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇల్లు దక్కింది. నాకు కావలసింది అదే.

అయినా రిక్షా వచ్చి నిలబడితే ఎక్కబుద్ధి కాలేదు. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నా దగ్గు తప్ప మరో మనిషి అలికిడి లేదు. ఇప్పుడు తెరిచిన కిటికీల్లోంచి పక్కింటామె గొంతు, గిన్నెల చప్పుడు సందు చివరిదాకా వినపడుతున్నాయి. వినడానికి నేను లోపల లేను.