ఇసుక మీది గలిజేరు

మా అత్తగారు పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ఆకుకూర చేతిలోకి తీసుకుంటే ముందు వెనక్కి తిప్పి చూస్తాను. అది ఆవిడ నేర్పిన అలవాటు.

నాది గోదావరి జిల్లా. పెళ్లయ్యాక ఉక్కునగరం క్వార్టర్లోకి వచ్చాను. మావారిది ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. అత్తగారు ఇక్కడి పల్లెలోనే పుట్టి పెరిగిన రైతుబిడ్డ. వానలు పడ్డాక నన్ను వెంటబెట్టుకుని అప్పికొండ వైపు సముద్రపు ఇసుకలోకి వెళ్లేది, గలిజేరు కోసం. నేలను అంటుకుని పాకే మొక్క అది. ఎర్రటి కాడలు, ఆవగింజంత గులాబీ పూలు. ఒంటి నీరు తీస్తుందని వాళ్ల వైపు అందరూ తింటారు.

"కనపడిందల్లా పీకకమ్మీ," అనేది. "ఆకు తిప్పి సూడు. అడుగు తెల్లగుండాల. కణుపుకాడ రెండాకులుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి సిన్నది. మనిద్దరి లాగ. రోడ్డువార దాన్ని మాత్రం ముట్టుకోకు. ఆకు అదే గానీ, అది తాగిన నీళ్లు వేరు."

చివరి రోజుల్లో ఆవిడ కాళ్లు బాగా వాచాయి. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకునేది కానీ అన్నం సయించేది కాదు. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"నోరు సప్పగుందమ్మీ. నాలుగు ముద్దలు గలిజేరు పప్పు తినాలనుంది. ఇసకది."

ఆ రోజు మందుల కోసం గాజువాక వెళ్లాను. అక్కడ పని అయ్యేసరికి ఎండ ముదిరింది. మళ్లీ సముద్రం దాకా పోయే ఓపిక లేదు. ఆటోనగర్ మీదుగా వస్తుంటే ఇనుప పనులు చేసే ఒక లేతు షెడ్డు పక్కన గలిజేరు గుబురుగా కనిపించింది. ఆటో ఆపించి దిగాను. ఆకు తిప్పి చూశాను, తెల్లగానే ఉంది. కణుపు దగ్గర పెద్దదీ చిన్నదీ రెండూ ఉన్నాయి. మట్టి మాత్రం ఆయిలు కారి నల్లగా ఉంది. కోసుకొచ్చాను. నాలుగు నీళ్లు కడిగి, పెసరపప్పు వేసి వండాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ ఆగింది.

"ఎక్కడిదమ్మీ?"

"ఇసకలోదే అత్తయ్యా."

ఆవిడ నా కాళ్ల వైపు చూసింది. నా పాదాలకు ఒక్క ఇసుక రేణువు లేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తిని, "బాగుంది," అని చేయి కడుక్కుంది.

ఆ తర్వాత పన్నెండో రోజున పోయింది. గుండె ఆగిందన్నారు. ఆకుకూర వల్ల ఏమైనా అవుతుందా అని డాక్టర్ని పక్కకు పిలిచి అడిగాను. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నాడు. నమ్మాను. అయినా వంటింట్లో కుళాయి కింద ఆకు కడిగినప్పుడల్లా నీళ్ల చప్పుడులో ఆ ప్రశ్న వినిపించేది. ఎక్కడిదమ్మీ? కుళాయి కట్టేస్తే ఆగేది, తిప్పితే మళ్లీ మొదలు. కొన్నాళ్లు ఇంట్లో ఆకుకూర వండడమే మానేశాను.

ఏడాది తర్వాత మావారు అన్నం తింటుండగా చెప్పేశాను. "ఆ రోజు మీ అమ్మగారికి పెట్టింది ఇసకలోది కాదండీ. అబద్ధం చెప్పాను."

ఆయన తలెత్తలేదు. "తెలుసు. అమ్మ ఆ రోజే సెప్పింది."

"ఏమని?"

"'ఇది రోడ్డు మీద కూర. పాపం, అంత దూరం ఎల్లలేకపోనాది. నువ్వు అడక్కు, దానికి సిగ్గేత్తాది' అంది."

చెప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ముట్టుకోవద్దన్న దాన్ని, తెలిసి తెలిసి, నా మొహం చూసి తినేసింది ఆవిడ. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఇప్పుడు వానలు పడగానే ఒక్కదాన్నే ఇసుకలోకి వెళ్తున్నాను. వంగి కోస్తుంటే ఎడమవైపు, ఆవిడ ఎప్పుడూ కూర్చునే వైపు, చీర కుచ్చెళ్లు ఇసుకకు రాసుకున్న చప్పుడు అవుతుంది. గాలే అయ్యుంటుంది. అటు చూడను. కొంచెం పక్కకు జరిగి చోటిస్తాను.