వెంకటరవణప్ప మేష్ట్రు పెట్టిన సంతకం

బాగేపల్లి వెంకటరవణప్ప మేష్ట్రు పరమపదించారన్న వార్త పోయిన సోమవారం చింతామణి బస్‌స్టాండులో నా చెవిన పడింది. దుఃఖం కన్నా ముందు సిగ్గు కమ్ముకొచ్చింది. ఆయనతో నేను ఆడిన చివరి మాట మంచి మాట కాదు.

మా తాలూకాల బడుల్లోని లినక్స్ కంప్యూటర్లకు కావలసిన సాఫ్ట్‌వేరంతా ఆయన ఏకదీక్షగా నడిపిన రిపాజిటరీ అనే భండారం నుంచే వచ్చేది. అందులో చేర్చే ప్రతి ప్రోగ్రాము ప్యాకేజీనీ ముందు తన ఇంటి పాత కంప్యూటర్లో వారంపాటు వాడి చూసి, ఆ తరవాతే తన డిజిటల్ సంతకం వేసేవారు. ఆ సంతకం లేనిదాన్ని మా యంత్రాలు గడప తొక్కనిచ్చేవి కావు. హెడ్‌మేష్ట్రులు తొందరపెడితే, "మనం తిని చూడంది ఊరికి పెట్టగూడదప్పా" అనేవారు.

ఆయన శిష్యుణ్ణే అయినా నాకు ఆ నిదానం గిట్టేది కాదు. చింతామణి బడి ల్యాబు నా చేతికి రాగానే కంటైనర్లు దించాను. ప్రోగ్రామూ, దానికి కావలసిన సరంజామా అంతా ఒకే డబ్బాలో కట్టి వస్తుంది, తెచ్చి నడపడమే. మేష్ట్రు బస్సెక్కి వచ్చి చూశారు.

"డబ్బా బాగుండాది. లోపల ఏముండాదో ఎవురు చూసినారప్పా?"

"చేసినోళ్ళు చూసింటారు గదా సార్."

కొన్నాళ్ళకు, ఎన్నో ప్రోగ్రాములు పంచుకునే ఒక భాగంలో లోపం బయటపడింది. ఆయన రిపాజిటరీలో ఒక్కచోట సరిచేయగానే మిగతా బడులన్నీ గట్టెక్కాయి. నా డబ్బాలు మాత్రం దేనికది ఆ భాగాన్ని లోపలే కట్టుకుని ఉండడంతో, దేంట్లో చూసినా పాతదే ఉంది. ఆ సందులోంచి ఎవడో చొరబడి పిల్లల మార్కుల ఫైళ్ళు పాడుచేశాడు. మేష్ట్రు రెండు రోజులు నా పక్కన కూర్చుని ఒక్కో డబ్బా విప్పించారు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అదే నాకు మరీ మండింది.

పోయిన నెల చిక్కబళ్ళాపుర ఆసుపత్రికి పోయివస్తూ మా ఇంటికొచ్చారు. "ఒళ్ళు బాగలేదు. నా సంతకం పక్కన నీది గూడా చేరుస్తామప్పా" అన్నారు.

"ఇంకా యాడ రిపాజిటరీ సార్! రేపట్నుంచి అంతా డబ్బాలే" అని నవ్వాను. ఆయన కాఫీ సగంలో పెట్టి లేచారు.

ఆ సంతకం వేయడానికి కావలసిన రహస్యపదం ఆయనతోనే పోయింది. "యాడా రాసిపెట్టలేదప్పా. రాస్తే దాన్నెవురు నమ్మతారు అంటాండె" అన్నారు ఆయన సహధర్మచారిణి లక్ష్మమ్మగారు. ఇప్పుడు బడుల యంత్రాలు కొత్తదేదీ తీసుకోకుండా ఆగిపోయాయి.

అంతటి విద్య, అంతటి ఓర్పు ఉన్న మనిషి మా సీమకు మళ్ళీ దొరకడు. భండారాన్ని నేనే తలకెత్తుకున్నాను. గురుఋణంలో పిసరంతైనా తీరుతుందేమో తెలియదు. యజమాని లేని సంతకాన్ని యంత్రంలో ఉంచరాదన్నది ఆయన పెట్టిన నియమమే. కనుక రేపు గూళూరు బడి మొదలుకొని ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చుని, నా కొత్త సంతకం చేర్చి, ఆయనది తీసేసి, ఇకమీదట మేష్ట్రును నమ్మవద్దని నా చేత్తోనే చెప్పాలి. నిజంగా తీసేయమంటావా అని అది ఒకసారి అడుగుతుంది. అవునని నొక్కాలి.